తొట్టి నడిమి వేడి

"నాలుగింటికి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. పావుగంటలో తేల్చేయండి సార్," అని కానిస్టేబుల్ తలుపు దగ్గరగా వేశాడు.

మొద్దయ్య కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మొద్దయ్య అతని అసలు పేరు కాదు. బడిలో బెత్తం దెబ్బలకి ఏడవలేదని మాస్టారు తగిలించిన పేరు. పోలీసు ఉద్యోగంలో అదే నడిచింది. ఉద్యోగం మానేసి సొంతంగా పరిశోధనలు చేసుకుంటున్నా అదే నడుస్తోంది. జీపు బోల్తాపడి మెడ దగ్గర నరం నలిగాక ఆ పేరుకి రెండో అర్థం కూడా వచ్చింది. ఎడమ చెయ్యి మోచేతి నుంచి కిందికి మొద్దుబారిపోయింది. కదులుతుంది, పట్టుకుంటుంది, గుండీలు పెడుతుంది. సూది గుచ్చితే మాత్రం తెలియదు.

బల్లకి అవతల కూర్చున్న పిల్ల టమాటా ఫ్యాక్టరీలో సాయంత్రం షిఫ్టు ఆపరేటరు. నోటి దురుసుకి అందరూ మిరపకాయ అంటారు. ఫ్యాక్టరీ ఇంజనీరుని గుజ్జు తొట్టిలోకి తోసి చంపిందని కేసు. ఆమె తల్లి బట్టలు కుట్టే మనిషి. నిన్న సాయంత్రం మెడలో కొలతల టేపు తీయకుండానే వచ్చి మొద్దయ్య గుమ్మంలో కూర్చుంది. సరే అనేదాకా లేవలేదు.

చచ్చిపోయిన ఇంజనీరు మొద్దయ్యకి బావ. సొంత చెల్లెలి మొగుడు.

"మీరెందుకొచ్చారు?" అంది మిరపకాయ. "పోయింది మీ బావే కదా."

"మీ అమ్మ రమ్మంది."

"మా అమ్మ రోజూ దేవుణ్ణి కూడా రమ్మంటుంది. ఆయనెప్పుడూ రాలేదు."

"మొన్న సాయంత్రం కరెంటు పోయిన దగ్గర్నుంచి చెప్పు."

ఆమె చెప్పింది. ఆరింటికి కరెంటు పోయింది. మరిగించే గిన్నెలోంచి గుజ్జు అప్పుడే తొట్టిలోకి దిగింది. తొట్టిలో తిప్పే రెక్కలు ఆగిపోయాయి. మిగతావాళ్ళని ఇంటికి పంపేశారు. ఇంజనీరూ తనూ మిగిలారు. రాత్రంతా కదలకుండా వేడి మీద ఉంటే గుజ్జు మాడు వాసన కొడుతుంది, పారబోద్దామంది తను. తొట్టి చుట్టూ ఉన్న గొట్టాల్లోకి మిద్దె మీది ట్యాంకులోంచి చన్నీళ్ళు వదిలితే పొద్దుటికి చల్లారుతుంది, నోరు మూసుకోమన్నాడు ఇంజనీరు. అక్కడ గొడవ ముదిరింది. గేటు దగ్గరున్న వాచ్‌మన్ దాకా వినపడింది.

"ఏమన్నావు?"

"అదే తొట్టిలో పడి చావమన్నాను." ఆమె గోళ్ళు చూసుకుంది. "అన్నాను. అన్నదాన్ని అనలేదని ఎలా చెప్పను?"

"తర్వాత?"

"ఎనిమిదింటికి టార్చి పట్టుకుని వెనక గేటు వైపు వెళ్ళాడు. ఇంటికి పోతున్నా, నీళ్ళు ఆగకుండా చూడు అన్నాడు. ఆ గేటు తాళం ఆయన దగ్గరే ఉంటుంది. పదింటికి నేనూ వెళ్ళిపోయాను. పిన్నికి ఒంట్లో బాలేదంటే పదిన్నర బస్సెక్కి వాళ్ళ ఊరెళ్ళాను. తెల్లారి తొమ్మిదింటికి కరెంటొచ్చి రెక్కలు వేయబోతూ చూస్తే శవం తేలి ఉందట. పోలీసులొచ్చి నన్ను పిన్ని ఇంట్లో పట్టుకున్నారు. పారిపోయానంట."

"అతను వెనక గేట్లోంచి వెళ్ళడం ఎవరైనా చూశారా?"

"చీకట్లో ఎవరు చూస్తారండీ?" అని ఆమె మొదటిసారి అతని మొహంలోకి చూసింది. "ఇంటికి పోతున్నాడని నేనంటున్నాను. ఇంటికి రాలేదని మీ చెల్లెలంటోంది. ఇద్దరిలో ఒకరిది అబద్ధం. మీరు ఎవరి మాట నమ్ముతారో నాకు తెలుసులెండి."



"ఇన్‌స్పెక్టర్ ఏమంటాడు?" అని అడిగాడు.

"శవానికి బొబ్బలున్నాయంట. రసం నాలుగు గంటల్లో చల్లారిపోతుందంట. కాబట్టి పదిలోపే పడ్డాడంట, అప్పుడున్నది నేనేనంట. రసమంట, రసం! తొట్టిలో ఉంది గుజ్జు మహాప్రభో అంటే, ఏదో ఒకటిలే అన్నాడు."

"రెండిటికీ తేడా ఏంటి?"

"రసం తాగుతారు. గుజ్జు తాగి చూపించండి."

కానిస్టేబుల్ తలుపు తట్టాడు.

*

ఇన్‌స్పెక్టర్ తొట్టి పక్కనే నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు మొద్దయ్య కింద పనిచేసినవాడు. మాటకో మారు చేతి గడియారం చూసుకుంటాడు గనక డిపార్టుమెంటులో అందరికీ గడియారమే. మొద్దయ్యని చూడగానే గడియారం చూసుకున్నాడు.

"రా అన్నా. బావగారు పోతే చంపినదాని తరఫున వకాల్తా పుచ్చుకున్న బావమరిదిని నిన్నే చూస్తున్నా."

"తొట్టి చూడొచ్చా?"

"చూడు. సీలు నేనే తీయించా. తర్వాత చూపించలేదని అనకు."

తొట్టి మనిషి నిలువుకి మించిన అడ్డంతో ఉంది. గోడ స్టీలుది. దాని చుట్టూ నీళ్ళ గొట్టాలు. కింద ఒక పక్క గోడకి చిన్న కుళాయి, శాంపిలు పట్టడానికి. మెట్లెక్కితే తొట్టి నడుమ మీదుగా వేసిన ఇనుప పలక. పలకకి ఒకవైపే కమ్మీ. మెట్ల దగ్గర గోడకి కొక్కెం కర్ర వేలాడుతోంది. శవాన్ని దానితోనే అంచుకి లాగి, తాళ్ళు వేసి పైకెత్తి, పైపుతో కడిగేశారు. డాక్టరు వచ్చేసరికి శవం చన్నీళ్ళ చల్లన.

మొద్దయ్య గోడ మీద కుడిచెయ్యి వేశాడు. చల్లగా ఉంది.

"నేనూ వేశా. కుళాయి తిప్పి థర్మామీటరు కూడా పెట్టించా, నిన్న శవం దొరికిన అరగంటకే. ముప్పై ఒకటి," అన్నాడు గడియారం. "పోస్టుమార్టం విను. ఒళ్ళంతా బొబ్బలు. ఊపిరితిత్తుల్లో గుజ్జు. తలకి దెబ్బ లేదు. దవడ కింద ఒక గాటు, అది షేవింగుది, లెక్కలోది కాదు. బొబ్బలెక్కాలంటే లోపల సలసలా కాగుతుండాలి. నాలుగు గంటలు దాటితే కాగదని కెమిస్టు గారే చెప్పారు."

కెమిస్టు పెద్దమనిషి. కళ్ళజోడు తుడుచుకుంటూ మెట్ల దగ్గర నిలబడ్డాడు.

"మీరు చెప్పారా?" అని అడిగాడు మొద్దయ్య.

"ఫోన్లో అడిగారు. తొట్టెడు రసం ఎంతసేపట్లో చల్లారుతుందని. నాలుగు గంటలన్నాను."

"రసమా, గుజ్జా?"

కెమిస్టు కళ్ళజోడు తుడవడం ఆపాడు. "ఫ్యాక్టరీలో డబ్బాకెక్కేదాకా అన్నిటినీ రసమే అంటామండీ. ఆయన రసం అన్నారు గనక రసానికే చెప్పాను. తొట్టిలో ఉన్నది గుజ్జని..." ఆ మాట పూర్తి చేయలేదు.

"గుజ్జయితే?"

"గుజ్జయితే వేరు. రసం పల్చన. గోడ పక్కన చల్లబడింది కిందికి దిగుతుంది, నడుమ వేడిగా ఉన్నది పైకొస్తుంది. దానంతటదే కలియబెట్టుకుంటుంది. గుజ్జు కదలదు. రెక్కలు ఆగిపోతే ఎక్కడిదక్కడే. పైగా నీళ్ళు ఇగిరేకొద్దీ వేడి దాంట్లోంచి దాటడం కష్టమవుతుంది. గోడ పక్కన జానెడు చల్లబడుతుంది. ఆ జానెడే లోపలిదానికి దుప్పటైపోతుంది."

"లోపల ఎన్నాళ్ళుంటుంది వేడి?"

"రోజులుంటుంది."

గడియారం నవ్వాడు. "కెమిస్టు గారూ, నిన్న గంటల్లో ఉన్నది ఇవాళ రోజుల్లోకొచ్చింది. రేపు అడిగితే నెలలంటారా? అన్నా, పాఠాలు నాకొద్దు. కోర్టు అంకెలడుగుతుంది. నా దగ్గర ముప్పై ఒకటుంది. నీ దగ్గరేముంది?"

"నడుమ కొలిచే పొడుగు థర్మామీటరుండాలి."

"ఉంది. మీ బావ చేతిలోనే ఉండింది, ఆయనతోపాటే తొట్టిలో పడి విరిగింది. సంచిలో మూటగట్టా. కొత్తది తెప్పించుకో. ఎల్లుండికొస్తుంది. ఈలోగా ఆ పిల్ల జైల్లో రెండు పూటలా తింటూ ఉంటుంది."

"థర్మామీటరు పట్టుకుని సాయంత్రం పలక మీదికి ఎందుకెక్కినట్టు?"

"ఎందుకేంటి, వేడి చూడటానికి."

"సాయంత్రం గుజ్జు గిన్నెలోంచి దిగినప్పుడు వేడి ఎంతో అందరికీ తెలుసు. రాత్రంతా చన్నీళ్ళు తిప్పాక నడుమ ఎంత తగ్గిందన్నదే తెలియంది. అది చూసుకునేది పొద్దున."

గడియారం చేతి గడియారం చూసుకున్నాడు. అందులో టైమేమీ చూసినట్టు లేదు.

"ఊహలన్నా, ఊహలు. కావాలంటే చెయ్యి పెట్టి చూడు. మొన్నటి గుజ్జు. కాలితే అప్పుడు చెప్పు."

మొద్దయ్య మెట్లెక్కాడు. పలక మీద నడుమ దాకా నడిచి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఎడమ చేతి చొక్కా భుజం దాకా మడిచాడు. ఈ చెయ్యి దించితే ఆ పిల్ల బయటికొస్తుంది. ఆ పిల్ల బయటికొస్తే అబద్ధం రెండో మనిషిదవుతుంది. ఆ లెక్క అతను దారిలోనే వేసుకున్నాడు. మళ్ళీ వేసినా అంతే వచ్చింది.

పైన గుజ్జు తోలులా పొర కట్టింది. పొరని వేళ్ళతో చీల్చాడు. చెయ్యి మణికట్టు దాకా, తర్వాత మోచేతి దాకా దించాడు.

"చల్లగుందా అన్నా?"

"తెలియదు."

మూడు లెక్కపెట్టి తీశాడు.

చెయ్యంతా గుజ్జు అంటుకుని ఉంది. దాంట్లోంచి ఆవిరి లేచింది. మొద్దయ్య దాన్ని వేరెవరి చెయ్యో చూసినట్టు చూశాడు. కెమిస్టు "నీళ్ళు! ముందు నీళ్ళు!" అని అరుస్తూ పైపు తెచ్చి కిందనుంచే కొట్టాడు. గుజ్జు జారిపోయింది. దాని కింద చర్మం ఎర్రగా ఉంది. చూస్తుండగానే ముంజేతి మీద బొబ్బలు లేచాయి. మణికట్టు దగ్గర తోలు ముడత పడి పక్కకి జరిగింది.

గడియారం మెట్ల మీదికొచ్చాడు. పలక మీద పడిన గుజ్జు ముద్దని వేలితో తాకి చటుక్కున వేలు నోట్లో పెట్టుకున్నాడు.  పైపులోంచి నీళ్ళు పోతూనే ఉన్నాయి.

"నీకు పిచ్చి పట్టింది," అన్నాడు చివరికి. ఆ గొంతులో వెటకారం లేదు.

"ఇవాళ కూడా కాలుతోంది. నిన్న తెల్లవారుజామున ఇంకా బాగా కాలుతూ ఉండేది. మనిషి ఎప్పుడు పడ్డా బొబ్బలెక్కుతాయి. నువ్వు బొబ్బలు చూసి టైము చెప్పలేవు."

"అయితే పొద్దున పడ్డాడంటావు. పొద్దున ఆ పిల్ల తోసుండొచ్చుగా?"

"పొద్దున ఆ పిల్ల పిన్ని ఇంట్లో ఉంది. పారిపోయిందని రుజువు చేయడానికి బస్సు కండక్టరునీ, పిన్ని ఇరుగుపొరుగునీ సాక్షులుగా పెట్టింది నువ్వే. పదిన్నరకి ఊరు దాటినట్టూ, తెల్లారేదాకా పిన్ని మంచం పక్కనే ఉన్నట్టూ నీ సాక్షులే చెబుతారు."

గడియారం పలక మీద కూర్చుండిపోయాడు. తను తవ్విన గోతిలోకి తొంగిచూసుకుంటున్నవాడిలా కాసేపు తొట్టిలోకి చూశాడు. తర్వాత మెల్లగా తలెత్తాడు. మొద్దయ్య ఆ చూపు కోసమే ఎదురుచూస్తున్నాడు. ఈ కుర్రాడికి ఆ చూపు నేర్పింది తనే.

"అన్నా, మరి ఆ రాత్రంతా బావగారు ఎక్కడున్నట్టు?"

మొద్దయ్య మెట్ల వైపు తిరిగాడు.

"ఇంటికి రాలేదని ఎవరన్నారు? ఒక్కరే కదా అన్నది?" గడియారం లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "ఆ పిల్లని వదలడానికి నాకు అరగంట పడుతుంది. ఆ తర్వాత జీపు ఎటు వస్తుందో నేను చెప్పక్కర్లేదు. ముందు ఆస్పత్రికి వెళ్ళు."

*

మొద్దయ్య ఆస్పత్రికి వెళ్ళలేదు.

తలుపు తీసిన చెల్లెలు ముందు చెయ్యి చూసింది, తర్వాత మొహం చూసింది. "అయ్యో అన్నయ్యా!" అని కూడా అనలేదు. భుజం పట్టుకుని వంటింట్లోకి నడిపించి సింకు దగ్గర నిలబెట్టింది. కుళాయి సన్నగా తిప్పింది.

"ధారగా పడకూడదు. తోలు ఊడుతుంది," అంది. "ఎంతసేపైంది?"

"అరగంట లోపే."

"ఉంగరం తియ్యి. వేలు వాస్తే తర్వాత రాదు."

తనే సబ్బు రాసి ఉంగరం తీసింది. పలచటి బట్ట తడిపి చేతి మీద పరిచింది. బొబ్బ చిట్లని చోట తాకలేదు. చిట్లిన చోట అంచులు సర్దింది. ఆమె చేతులు గిన్నెలు తోమినంత మామూలుగా కదిలాయి. గోడ అలమారా తీసింది. పప్పుల డబ్బాల వెనకనుంచి కాలిన గాయాల మందు తెచ్చింది. ఒక ట్యూబు సగం వాడినది, రెండు మూత తీయనివి. పక్కన కట్టుగుడ్డ చుట్టలు, ఒకదాని మీద ఒకటి.

మొద్దయ్య ఆ చుట్టల వైపు చూశాడు.

"ఇన్నెందుకమ్మడూ ఇంట్లో?"

"వంటింట్లో పని కదా."

ఎండాకాలం కూడా ఆమె పొడుగు చేతుల రవికె వేసుకుంటుంది. పనిలో ఎడమచేతిది పైకి జరిగింది. ముంజేతి మీద మచ్చలు ఒకదాని కింద ఒకటి వరసగా ఉన్నాయి. నూనె చిందితే వరసలో పడదు. ఎప్పుడో ఒకసారి అడిగితే నూనె చిందిందని చెప్పింది. నమ్మాడు. ఊళ్ళో వాళ్ళ అబద్ధాలన్నీ పట్టుకున్న మనిషి ఆ ఒక్కటీ నమ్మాడు.

"మొన్న రాత్రి బావ ఇంటికొచ్చాడు," అన్నాడు.

"రాలేదని చెప్పాను కదా."

"బావ గడ్డం సాయంత్రానికే మాసిపోతుంది. పెళ్ళిలో పురోహితుడు పెళ్ళికొడుకు గడ్డం గీసుకోలేదేమని అడిగాడు, గుర్తుందా? మార్చురీలో చూశాను. బొబ్బల మధ్య కూడా బుగ్గల మీద మాసిన గడ్డం లేదు. దవడ కింద గాటుంది. పొద్దున్నే దీపం వెలుగులో గీసుకున్న గడ్డం అది."

ఆమె మందు పూస్తూనే ఉంది.

"నిన్ననే తెలుసా?"

"నిన్ననే తెలుసు."

"మరెందుకు ఊరుకున్నావు?"

"ఆ పిల్ల తల్లి వచ్చేదాకా ఊరుకున్నాను."

ఆమె కట్టుగుడ్డ చుట్ట విప్పింది. మణికట్టు దగ్గర మొదలుపెట్టింది.  బజారుకెళ్ళి ఏం తెచ్చిందో చెప్పినట్టు చెప్పింది.

"ఐదింటికి లేపాడు. గుజ్జు చల్లారిందో లేదో చూడాలి, దీపం పట్టుకోవడానికి రా అన్నాడు. వెనక గేటు తీశాడు. పలక మీదికెక్కి ఆ పొడుగు గాజుకడ్డీ దించాడు. దాన్ని పైకి తీసి చూసి, ఇంకా డెబ్బై ఉందే అన్నాడు. మళ్ళీ వంగాడు."

"తర్వాత?"

"పడ్డాడు. ఒకసారి పైకొచ్చాడు. చెయ్యి పైకెత్తాడు." ఆమె కట్టు మోచేతి దాకా తెచ్చింది. "కొక్కెం కర్ర మెట్ల దగ్గరే ఉంది, నా చేతికి అందేంత దూరంలో. నేను తీయలేదు. టార్చి మాత్రం కదపలేదు అన్నయ్యా. దీపం కదిపితే తిట్టేవాడుగా."

వీధి మొగలో జీపు మలుపు తిరిగిన చప్పుడైంది. ఇద్దరూ విన్నారు. ఆమె కట్టుగుడ్డ చివరని పళ్ళతో పట్టి రెండుగా చీల్చింది.

"ఆ పిల్లని వదిలేశారా?" అంది.

"వదిలేశారు."

"మంచిపని చేశావు."

"అమ్మడూ." మొద్దయ్య గొంతు తగ్గించాడు. "వాళ్ళు లోపలికి రాకముందు నాకొక్కడికే చెప్పు. తనే జారాడా?"

జీపు ఇంటిముందు ఆగింది. తలుపులు పడిన చప్పుడు, రెండు. ఆమె చీల్చిన కొసలు రెండూ కలిపి ముడి వేసింది. ముడి మీద ముడి వేసి లాగింది.

"బిగుసుకుందా అన్నయ్యా?"

మొద్దయ్య తన చేతి వైపు చూశాడు.

"నాకు తెలియదమ్మా," అన్నాడు. "నువ్వే చెప్పాలి."